బొమ్మ గీయకుండా కొండ నేయడం

తిరుపతిలో మా మేడ ఎక్కితే శేషాచలం కొండ కళ్లనిండా కనిపిస్తుంది. పోయిన కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు దాన్ని చూస్తూ గోడకు వేలాడదీసే నేత ఒకటి నేశాను. ముందుగా బొమ్మేమీ గీయలేదు. పెట్టుకున్న నియమం ఒక్కటే: ఆ పూట కొండ ఎలా కనిపిస్తే అదే నేయాలి, నేసింది విప్పకూడదు.

మగ్గం అక్కర్లేదు. లోపల 60 సెంటీమీటర్ల ఎత్తు, 40 వెడల్పు వచ్చే చెక్క చట్రం చాలు. పైపట్టీకి సెంటీమీటరుకొకటి చొప్పున 41 మేకులు, కిందిపట్టీకి 42 కొట్టండి. కింది మేకులు పైవాటి సందులకు ఎదురుగా రావాలి. అన్నీ ఒకే గీత మీద కొడితే చెక్క చీలుతుంది, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి కొట్టండి. కింద మొదటి మేకుకు గట్టి నూలు దారం ముడేసి, పైకీ కిందికీ తిప్పుకుంటూ పోతే 82 పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, వస్తాయి. 50 మీటర్లు పడుతుంది, ముళ్లకోసం ఇంకో ఐదు కలుపుకోండి. కొత్తగా బిగించిన నవారు మంచంలా ఉండాలి.

పేకకు, అంటే అడ్డంగా నేసే దారానికి, పాత నూలు చీరలను సెంటీమీటరు వెడల్పు పీలికలుగా చింపుకోండి. పాలిస్టర్ వద్దు, జారిపోతుంది. రంగులు ఐదు దాటనివ్వకండి. నావి ఆకుపచ్చ లుంగీ, ఇటుకరంగు చీర, బూడిదరంగు లంగా, తెల్ల పంచె, వెలిసిన నీలం దుప్పటి. మా పక్కింటమ్మాయి చూసి "ఏం పిన్నీ, మంచం అల్లుతున్నావా?" అంది.

పోగు విడిచి పోగు ఎత్తుతూ ఒక స్కేలు దూర్చి ఉంచండి. స్కేలు నిలబెడితే ఒక వరసకు దారి తెరుచుకుంటుంది. తిరుగు వరసకు మిగతా పోగులను వేళ్లతో ఎత్తుకోవాలి. ముందు ఆ పడుగు దారంతోనే నాలుగు వరసలు నేసి, ఆ తర్వాత పీలికలు మొదలుపెట్టండి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి నేసినప్పుడు పీలికను తిన్నగా లాగి బిగించాను. జానెడు నేసేసరికి 40 సెంటీమీటర్లది 33 అయింది, నడుముకు తాడు కట్టినట్టు! నారాయణవనంలో గుంటమగ్గం నేసిన మా తాత ఉంటే నెత్తిన మొట్టేవాడు. "పేకను లాగొద్దమ్మా, పడుకోబెట్టు" అనేవాడు. అంటే పీలికను అంచు నుంచి అంచుకు తిన్నగా కాక, మధ్యలో నాలుగు వేళ్ల ఎత్తు వంపుతో వదలాలి. ఆ వంపును మధ్య నుంచి రెండు పక్కలకూ దువ్వెనతో కిందికి దించాలి. పోగుల పైనుంచీ కిందనుంచీ తిరగడానికి కావాల్సిన పొడవు ఆ వంపులో ఉంటుంది. పడుగు కనిపించనంతగా దువ్వండి.

మొదటిరోజు కొండ కింది చెట్లు, అంతా పచ్చ. రెండోరోజు వాన తగ్గగానే రాయి ఎర్రబడింది, ఇటుకరంగు తీశాను. వాలు ఎలా తేవాలంటే, రెండు వరసలకొకసారి ఒక పోగు వెనక్కి తగ్గితే పల్లపు వాలు వస్తుంది, ఆరు వరసలకొకసారి తగ్గితే నిట్టనిలువు. మన కొండ కింద సాగి పైన గోడలా నిలబడుతుంది కాబట్టి రెండూ కావాలి.

ఆ సాయంత్రమే కపిలతీర్థం పక్కన నీళ్లు దూకడం మొదలైంది. నాకేమో కింది భాగం అప్పటికే నిండిపోయింది. నేత పైకే పెరుగుతుంది, నీళ్లు కిందికి దూకుతాయి! ఏం చేయాలి? సగం కొండ దగ్గరే నాలుగు పోగుల వెడల్పున తెలుపు మొదలుపెట్టాను. కింద చెట్ల వెనక దాక్కున్నట్టు కుదిరింది. ఇలా రెండు రంగులు నిలువుగా పక్కపక్కన నడిస్తే మధ్యలో చీలిక పడుతుంది. రెండు సెంటీమీటర్ల దాకా వదిలేయండి, రాతిలో పగులులా బాగుంటుంది. అంతకు మించితే అక్కడొకసారి తెలుపునూ ఎరుపునూ కొక్కెంలా మెలేసి వెనక్కి తిప్పండి. మెరుపు కోసం పూలు కట్టే అరటినార తడిపి తెలుపుతో కలిపాను. ఆ తడి పైమేకులకు తగిలి తుప్పు మరక పడింది, నారను నీళ్లు పిండేశాకే వాడండి.

మూడోరోజు మబ్బు దిగి శిఖరమే లేదు. ఒక వరస బూడిదరంగు, ఒక వరస తెలుపు, అంచులు ఎక్కడంటే అక్కడ ఆపుతూ నేశాను. నాలుగోరోజు కాసింత నీలం. పైన నాలుగు వేళ్ల జాగా మిగిలేసరికి చేయి పట్టదు, గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకోండి.

మేకుల దగ్గర పడుగును ఒకేసారి కత్తిరించకండి. రెండేసి పోగులు కోసి ముడేస్తూ పోండి. కర్ర దూర్చి వేలాడదీశాక చూసిన పక్కింటమ్మాయి మొదటి ప్రశ్న: "శిఖరం ఏది పిన్నీ?"

"మబ్బులో ఉంది."