మెకానిక్ పని రాకపోయినా సెకండ్ హ్యాండ్ బండి చూసి కొనడం ఎలా?

"సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్." ఈ మాటలు లేకుండా బండి అమ్మేవాళ్లు అరుదు. అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంజన్ విప్పడం రానక్కర్లేదు.

ముందు మోడల్ సంగతి. పాత బండి దగ్గర మోజు పనికిరాదు. స్ప్లెండర్, షైన్ లాంటివైతే మండల కేంద్రంలోనూ పార్టులు దొరుకుతాయి, ఏ మెకానిక్కైనా చెయ్యి తిరిగిన బండ్లే.

తర్వాత ఫోన్ చేసి, "పొద్దున్నే వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉండాలి. మా తమ్ముడి కోసం ఒక బండి చూడబోతే ఏడింటికే ఇంజన్ కాలిపోతోంది. "ఇప్పుడే పాలకెళ్లొచ్చా" అన్నాడాయన. పాల ప్యాకెట్ మాత్రం కనిపించలేదు. మర్నాడు చెప్పకుండా వెళ్లాం. సెల్ఫ్ తీసుకోలేదు, పది కిక్కులు కొట్టాక లేచింది, వెనక నీలం పొగ! నీలం పొగ ఆగకుండా వస్తోందంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టే. బోరు పని (ఇంజన్ విప్పి సిలిండర్ బాగు చేయడం) పడొచ్చు, ఆ బండి జోలికి పోకండి. చలికాలంలో కాసేపు తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే మాత్రం కంగారు పడక్కర్లేదు.

మీటర్‌ని తిప్పేయొచ్చు. అందుకే ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, గేర్ లివర్, బ్రేక్ పెడల్ చూడండి. మీటర్ 15 వేలు చూపిస్తుంటే అవి నున్నగా అరిగి ఉండకూడదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం తయారీ. టైర్లు పాతబడితే ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

బండిని మెయిన్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. మధ్యలో పట్టేస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయినట్టు. ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) మీద ఆయిల్ జిడ్డుంటే, లోపలి ఆయిల్‌ని ఆపే సీళ్లు పోయినట్టు. సాఫీ రోడ్డు మీద బండి ఒక పక్కకే లాగుతుంటే, ఎక్కడో గట్టిగా పడిందేమోనని అనుమానించాలి.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. అటువైపు బండి అయితే సీటు తీయించి, వైర్ల సందుల్లో ఒండ్రు ఉందేమో చూడండి.

నన్నడిగితే ఇంజన్ కంటే కాగితాలే ముఖ్యం. ఇంజన్ని డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు, దొంగ బండిని ఏం చేస్తాం? ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఆర్సీ వివరాలు, ఇన్సూరెన్స్ గడువు చూడండి. ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబర్‌ను ఆర్సీతో పోల్చండి. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్ల చేతే కట్టించండి. ఫైనాన్స్ బండి అయితే అప్పు తీరిపోయినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. ఆర్సీ మూడో మనిషి పేరు మీద ఉండి, అమ్మేవాడు "ట్రాన్స్‌ఫర్ తర్వాత చూసుకుందాం" అంటే లేచి వచ్చేయండి. ఓనర్ పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద ఆర్సీ ఓనర్ సంతకం పడ్డాకే పూర్తి డబ్బు ఇవ్వాలి.

ఇంత చూశాక మీకు తెలిసిన మెకానిక్‌కి చూపించండి. అమ్మేవాళ్లు చెప్పిన మెకానిక్ వద్దు.

బండి ఇంటికొచ్చిన రోజే ఇంజన్ ఆయిల్ మార్పించండి. చివరిసారి ఎప్పుడు మార్చాడో పాత ఓనర్‌కే గుర్తుండదు.