ల్యాప్‌టాప్ ఫ్యాన్ మీరే మార్చుకుంటున్నారా? స్క్రూ విప్పకముందే ఈ జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక పాత ల్యాప్‌టాప్‌ల గొంతు మారుతుంది. చలికాలమంతా సన్నగా తిరిగిన ఫ్యాన్ మార్చి నెల వచ్చేసరికి గరగరలాడుతుంది. రోహిణి కార్తె నాటికి పక్కగదిలోకి వినపడుతుంది. గదిలోనే 40 డిగ్రీల వేడి ఉన్న రోజున అరిగిపోయిన ఫ్యాన్ ఆగిపోతే ఇక ఆ మిషన్ మీద పని సాగదు. మార్చేదేదో ఎండలు ముదరకముందే మార్చుకోవడం మంచిది.

పని మరీ కష్టమైందేమీ కాదు. ఓపిక ఉన్నవాళ్లెవరైనా ఒక ఆదివారం పొద్దున చేసుకోగలరు. ఇంట్లో ఈ పని చేసేటప్పుడు దెబ్బతినేవన్నీ ఫ్యాన్ చుట్టుపక్కల ఉన్నవే: బ్యాటరీ, బోర్డు మీది చిన్న సాకెట్లు, స్క్రూ తలలు, ప్రాసెసర్ చిప్పు. వందల్లో దొరికే ఫ్యాన్ కోసం వేల రూపాయల బోర్డు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. నేనూ ఒకసారి ఆ అంచుదాకా వెళ్లి వచ్చాను, అది కింద చెబుతాను.

ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. బుస్సుమని గాలి హోరు మాత్రమే వినిపిస్తుంటే ఫ్యాన్ బాగానే ఉండొచ్చు. లోపల దుమ్ము పట్టి, వేడి బయటకు పోక, ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోందన్నమాట. గరగర, కరకర అని రాపిడి వినిపిస్తే, ల్యాప్‌టాప్‌ను కాస్త పక్కకు వంచగానే ఆ శబ్దం మారితే బేరింగ్ అరిగినట్టు. సన్నటి ఈల లాంటి శబ్దం బోర్డు మీది కాయిల్స్‌ది, ఫ్యాన్ మార్చినా అది పోదు. ఇక పాత రకం హార్డ్ డిస్క్ ఉన్న మిషన్‌లో టక్ టక్ అని వినిపిస్తే ఫ్యాన్ సంగతి పక్కన పెట్టి, ఆ నిమిషమే ఫొటోలు, ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి. డిస్క్ పోయే ముందు చేసే చప్పుడు అది.

బేరింగ్‌లో చుక్క నూనె వేస్తే సరిపోతుందని కొందరంటారు. కుట్టు మిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు గొంతు తగ్గే మాట నిజమే, కానీ అరిగిన బేరింగ్ మళ్లీ పూడదు. కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె అది, పైగా దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

మీ మోడల్ ఎలా విప్పాలో విప్పకముందే చదవండి. లెనోవో థింక్‌ప్యాడ్‌లకు హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్, హెచ్‌పీకి మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్, డెల్‌కు సర్వీస్ మాన్యువల్ ఆయా కంపెనీల సైట్లలోనే ఉచితంగా దొరుకుతాయి. ఏ స్క్రూ ఎక్కడ, ఏది ముందు తీయాలి అన్నీ బొమ్మలతో ఉంటాయి. కొన్ని మోడళ్లలో ఫ్యాన్ చేరాలంటే కీబోర్డు తీసి, మదర్‌బోర్డు మొత్తం పైకెత్తాలి. మీది అలాంటిదైతే, ఇదే మీ మొదటి ప్రయత్నమైతే, మెకానిక్‌కు ఇవ్వమనే చెబుతాను. వారంటీ ఇంకా మిగిలి ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

ఫ్యాన్ కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చూసి కొనకండి. నా దగ్గరున్నది థింక్‌ప్యాడ్ టీ480, 2018 నాటిది. అందులో విడిగా గ్రాఫిక్స్ చిప్పు ఉన్నదానికి ఒక ఫ్యాన్, లేనిదానికి మరొకటి. పేరు మాత్రం రెండింటికీ ఒకటే. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండు ఫ్యాన్లుంటే ఎడమది కుడివైపు పట్టదు. వీలుంటే అడుగు మూత తీసి, పాత ఫ్యాన్ మీది స్టిక్కర్‌ను ఫొటో తీసి, ఆ పార్ట్ నంబర్, వోల్టేజి, ప్లగ్గుకు ఎన్ని తీగలున్నాయో సరిచూసి కొనండి. ఎక్కువ ఫ్యాన్లు 5 వోల్టులవి, కొన్ని గేమింగ్ మోడళ్లవి 12 వోల్టులవి. హైదరాబాద్‌వాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పాత ఫ్యాన్ చేతిలో పట్టుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. రెక్కను వేలితో మెల్లగా తిప్పి చూడండి, ఎక్కడా తగలకుండా తిరిగి నెమ్మదిగా ఆగాలి. కొత్తదని ఇచ్చినదాని రెక్కల మూలల్లో బూడిదరంగు దుమ్ము కనిపిస్తే అది ఏదో పాత మిషన్‌లోంచి ఊడదీసింది, తీసుకోకండి.

పనికి కూర్చునే ముందు రోజు బ్యాకప్ తీసుకోండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, దాని రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి. విప్పి బిగించాక కొన్ని మిషన్లు ఆ కీ అడుగుతాయి, లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు.

కూర్చునే చోటు గురించి చెప్పాలంటే, మంచం మీద, తివాచీ మీద వద్దు. గట్టి బల్ల కావాలి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, చెమట పట్టినా సరే. పొడి గాలి ఉండే రోజుల్లో ఒంట్లో స్థిర విద్యుత్తు తేలిగ్గా పోగవుతుంది, అందుకే పాలిస్టర్, పట్టు బట్టలు కాకుండా నూలు బట్టలు వేసుకోండి. యాంటీ స్టాటిక్ పట్టీ ఉంటే మణికట్టుకు కట్టుకుని దాని క్లిప్పును ఎర్తింగ్ ఉన్న లోహానికి తగిలించండి. లేకపోతే లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ముందు అలాంటి లోహాన్ని ముట్టుకోండి.

ఇక బ్యాటరీ. అన్నిటికంటే ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత అంచులు సరిగా కూర్చోకపోయినా, బల్ల మీద పెడితే మిషన్ ఊగినా, బ్యాటరీ ఉబ్బినట్టే. అలాంటి మిషన్‌ను చార్జింగ్‌కు పెట్టకండి, విప్పి పొడవకండి, నొక్కకండి. ముందు ఆ బ్యాటరీని తెలిసినవాళ్లతో తీయించండి, ఫ్యాన్ సంగతి తర్వాత. బ్యాటరీ బాగున్నా చార్జ్‌ను పావు వంతుకు దించి, షట్‌డౌన్ చేసి (స్లీప్‌లో పెట్టడం కాదు), చార్జర్ పీకి, మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఆ పని అయ్యేదాకా మరో వైరు ముట్టుకోవద్దు. టీ480లో బయటకు తీసే బ్యాటరీ కాక లోపల ఇంకొకటి ఉంటుంది. బయటిది తీశాం కదా అనుకుంటే లోపలిది బోర్డుకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి, పవర్ విభాగంలో డిసేబుల్ బిల్ట్‌ఇన్ బ్యాటరీ అనేది ఎంచుకుంటే అది ఆగుతుంది. తర్వాత చార్జర్ పెట్టగానే మళ్లీ పనిచేస్తుంది.

స్క్రూలు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, పొడవులు వేరు. పొట్టి స్క్రూ గుంతలో పొడవుది బిగిస్తే అది బోర్డునో పై ప్లాస్టిక్‌నో పొడిచేస్తుంది. నేను గుంతపొంగణాల పెనం పెట్టుకుంటాను. ఒక్కో గుంతలో ఒక్కో చోటి స్క్రూలు, విప్పిన వరసలో. ఇడ్లీ ప్లేటు వద్దు, దాని చిల్లుల్లోంచి చిన్న స్క్రూలు జారిపోతాయి. స్క్రూడ్రైవర్ మొన తల గాడిలో కదలకుండా కూర్చోవాలి. చాలావాటికి ప్లస్ ఆకారపు మొనల్లో పీహెచ్0 సైజు గానీ పీహెచ్00 గానీ సరిపోతుంది. కంటి అద్దాల స్క్రూడ్రైవర్‌తో సర్దుకుపోదామనుకుంటే తల అరిగిపోయి, ఆ తర్వాత ఎవరూ విప్పలేరు. మూత తెరవడానికి ఇనుప వస్తువులు వాడకండి, పాత ప్లాస్టిక్ కార్డు చాలు. ప్రతి దశలో ఒక ఫొటో తీసుకోండి.

నేను తప్పు చేసింది ఫ్యాన్ ప్లగ్గు దగ్గర. మా తమ్ముడి ల్యాప్‌టాప్ అది. బియ్యపు గింజంత తెల్ల ప్లగ్గు, దానికి వెంట్రుకల్లాంటి నాలుగు తీగలు. తీగలు పట్టుకుని లాగాను, ఊడింది. ప్లగ్గు కింద సాకెట్ కూడా అంటుకుని వచ్చింది. బోర్డు మీద నాలుగు మెరిసే చుక్కలు మిగిలాయి. మైక్రోస్కోపు కింద సోల్డర్ చేసే ఒక మెకానిక్ దాన్ని అతికించబట్టి మిషన్ దక్కింది. అప్పటినుంచి తీగలు ముట్టుకోను. ప్లగ్గుకు రెండు పక్కలా ఉండే చిన్న రెక్కల కింద గోరుగానీ ప్లాస్టిక్ పుల్లగానీ పెట్టి, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క వెంట్రుకవాసి జరుపుతూ రావాలి. పైకి రావాలా, పక్కకు జరగాలా అన్నది ముందు మాన్యువల్‌లో చూసుకోవాలి. పలచటి రిబ్బను కేబుల్ ఏదైనా అడ్డొస్తే దాని నల్లటి తాళం రెక్క ఎత్తాకే కేబుల్ లాగాలి.

ఫ్యాన్ విడిగా ఊడివస్తే అదృష్టమే. తీయగానే ఫ్యాన్‌కూ రాగి రేకుల గూటికీ మధ్య ఒక బూడిదరంగు పొర కనిపిస్తుంది, దూదిని తడిపి ఆరబెట్టినట్టు గట్టిగా. బయటినుంచి గాలి కొడితే అది పోదు, పట్టకారుతో ఒక్క ముక్కగా లాగేయాలి. బ్లోవర్ కొట్టాల్సి వస్తే రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

టీ480 లాంటివాటిలో ఫ్యాన్, హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు భాగం) ఒకే ముక్క. అప్పుడు వేడి హీట్‌సింక్‌కు అందడానికి ప్రాసెసర్ మీద పూసిన పాత థర్మల్ పేస్టు ఎండి అతుక్కుని ఉంటుంది. బలవంతంగా పెకలిస్తే చిప్పు అంచు పగలొచ్చు. పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు మిషన్ నడిపి, గోరువెచ్చగా ఉండగానే విప్పితే మెత్తగా వస్తుంది. హీట్‌సింక్ మీద 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. బిగించేటప్పుడు ఆ వరస, విప్పేటప్పుడు దానికి తిరగేసి, ఒక్కోటి కొద్దికొద్దిగా. పాత పేస్టును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. శానిటైజర్‌లో నీళ్లు, గ్లిజరిన్ కలుస్తాయి, గోళ్ల రంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్‌ను తినేస్తుంది, రెండూ వద్దు. కొత్త పేస్టు బియ్యపు గింజంత చాలు. ఒకసారి హీట్‌సింక్ లేచాక పాత పేస్టు మీదే తిరిగి కూర్చోబెట్టకూడదు. మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఉన్నచోట ప్యాడ్లే పెట్టాలి, పేస్టు ఆ సందును నింపదు. పేస్టుకు బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి పోకండి, అది కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని కొరుకుతుంది.

మూత బిగించే ముందు స్క్రూలు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అది బోర్డు మీదే ఎక్కడో ఉంది, దొరికేదాకా బ్యాటరీ తగిలించవద్దు. తగిలించాక ఆన్ చేసి చూడండి. లెనోవోలో ఫ్యాన్ ఎర్రర్ అని, హెచ్‌పీలో సిస్టమ్ ఫ్యాన్ 90బి అని తెరమీద కనిపిస్తే కంగారుపడకండి, ఎక్కువసార్లు ప్లగ్గు పూర్తిగా దిగకపోవడమే కారణం. ఆపి, బ్యాటరీ మళ్లీ ఊడదీసి, ప్లగ్గును నిటారుగా నొక్కండి.

ఆ రోజు ఒక అరగంట వీడియో నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ప్రోగ్రాంలో వేడి ఎంతుందో చూడండి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. చిన్న పనికే అంత దూరం వెళ్తుంటే హీట్‌సింక్ ఒకవైపు సరిగా కూర్చోలేదని. ఇంకోసారి విప్పి, తుడిచి, కొత్త పేస్టు పెట్టి, అంకెల వరసలో బిగించండి. రెండోసారి విప్పాల్సి వస్తుందేమోనని పేస్టు ట్యూబును, పాత ఫ్యాన్‌ను వారం రోజులు పారేయకుండా ఉంచుకోండి.