అమైనో ఆమ్లాల చాప్టర్: ఎర్ర పెన్నుతో నైట్రోజన్ వెంట పడండి

ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్ పిల్లలకు బయోకెమిస్ట్రీలో బాగా టెన్షన్ పెట్టే చాప్టర్లలో ఇదొకటి. ఇరవై పేర్లు, ఇరవై దారులు అనుకుని మొదలుపెడితే వారం తిరక్కుండానే అన్నీ కలగాపులగం అవుతాయి. నా క్లాసులో పేర్లు తర్వాత. ముందు ఒక పెద్ద తెల్ల చార్టు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను తెచ్చుకోండి. నైట్రోజన్‌కి ఎర్రచుక్క, కార్బన్ గొలుసుకి నీలం గీత.

చార్టు మధ్యలో గ్లూటమేట్ రాయండి. ఒంట్లో నైట్రోజన్ రాకపోకలు చాలావరకు దాని మీదుగానే. పక్కన ఎలనిన్ పెట్టండి. అది తన ఎర్రచుక్కని ఆల్ఫా కీటోగ్లుటరేట్‌కి ఇచ్చేస్తుంది. ఇచ్చింది పైరువేట్‌గా మారుతుంది, పుచ్చుకున్నది గ్లూటమేట్ అవుతుంది. ఈ పని చేసే ఎంజైమ్ ఏఎల్‌టీ. లివర్ టెస్టు రిపోర్టులో ఎస్‌జీపీటీ అని చూస్తుంటారే, అదే. బి6 విటమిన్ నుంచి వచ్చే పీఎల్‌పీ లేకపోతే ఇది నడవదు.

ఆ బాణాన్ని రెండు వైపులా గీయండి. ఇటు నడిస్తే ఎలనిన్ విరుగుతుంది, అటు నడిస్తే తయారవుతుంది. మరి ఎసెన్షియల్ అమైనో ఆమ్లాలు అనే తొమ్మిదింటిని తిండి నుంచే ఎందుకు తెచ్చుకోవాలి? వాటి నీలం గొలుసు కట్టడం మన ఒంటికి చేతకాదు. చాలావాటి విషయంలో ఎర్రచుక్క తగిలించడం సమస్యే కాదు.

ఇక యూరియా సైకిల్, అంటే లివర్ నైట్రోజన్‌ని మూత్రంలో పోయే యూరియాగా మార్చే చక్రం. 1932లో క్రెబ్స్, హెన్సెలైట్ ఎలుక లివర్ ముక్కల మీద పనిచేసి దీన్ని తేల్చారు. యూరియాలో ఎర్రచుక్కలు రెండు. చాలామంది రెండూ అమ్మోనియా నుంచే గీస్తారు. వైవాలో దొరికిపోయేది ఇక్కడే. ఒకటి అమ్మోనియాది: మైటోకాండ్రియాలో కార్బమాయిల్ ఫాస్ఫేట్‌గా మారి, ఆర్నిథిన్‌తో కలిసి సిట్రులిన్ అవుతుంది. రెండోది ఆస్పార్టేట్‌ది: సిట్రులిన్ బయటికి సైటోసాల్‌లోకి వచ్చాక వచ్చి చేరుతుంది. చివర ఆర్జినేజ్ యూరియాని కోసేస్తే ఆర్నిథిన్ మళ్ళీ లోపలికి వెళ్తుంది. ఇది చూడకుండా గీయడం వచ్చేదాకా ముందుకు పోవద్దు.

నీలం గొలుసుల సంగతికొస్తే, ల్యూసిన్, లైసిన్ మాత్రం గ్లూకోజ్ తయారీకి పనికిరావని పట్టుకోండి. మిగతావి పుస్తకంలో పట్టిక చూసి నింపుకోవచ్చు.

ఇప్పుడు చార్టు మూసేసి, ఉపవాసంలో ఉన్న మనిషి కండరంలోని ఒక ల్యూసిన్ తీసుకోండి. దాని ఎర్రచుక్కని మూత్రం దాకా నడిపించండి. కండరంలో గ్లూటమేట్, అక్కడి నుంచి ఎలనిన్, రక్తం, లివర్, మళ్ళీ గ్లూటమేట్. ఇక్కడ దారి చీలుతుంది: అమ్మోనియాగా విడిపోవచ్చు, లేదా ఏఎల్‌టీ లాంటిదే అయిన ఏఎస్‌టీ ఎంజైమ్ ద్వారా ఆస్పార్టేట్‌కి పోవచ్చు. రెండు దారులూ గీయండి.

అది వచ్చేస్తే ఫినైల్‌ఎలనిన్ నుంచి టైరోసిన్‌కి వెళ్ళే బాణం మీద అడ్డంగా ఒక గీత కొట్టండి. అదే పీకేయూ (ఫినైల్‌కీటోన్యూరియా) జబ్బు. ఆ బిడ్డ రక్తంలో ఏది పేరుకుంటుంది, ఏది తిండిలోంచే అందాలి అన్నది మీ చార్టే చెప్తుంది.