బెల్టు పాఠాలు – 4: పగుళ్లు లేకపోతే బెల్టు బాగున్నట్టేనా?

పోయిన పాఠంలో కారు ఇంజిన్ పక్కన ఆల్టర్నేటర్, ఏసీలను తిప్పే గాడుల బెల్టు మీద పగుళ్లు చూడమన్నాను. చాలామంది చూసి, ‘లక్ష కిలోమీటర్లు తిరిగినా ఒక్క పగులూ లేదు, ఇంకో యాభై వేలు లాగుతుంది’ అని తేల్చేసుకున్నారు. కొత్త పాఠం పక్కనపెట్టి ముందు దీన్ని సరిచేద్దాం. ఆ ధీమాతో తిరుమల ఘాట్ ఎక్కితే సగం దారిలో ఆగాల్సి రావచ్చు.

పగుళ్ల లెక్క పాత నియోప్రీన్ రబ్బరు బెల్టులది. అవి ఎండి చిట్లేవి. బెల్టు లోపలివైపు పొడవునా ఉండే ఒక్కో గట్టు మీద మూడంగుళాల్లో మూడు నాలుగు పగుళ్లు కనిపిస్తే మార్చేసేవాళ్లు. ఇప్పటి కార్లకు వచ్చేవి ఈపీడీఎం అనే మరో రకం రబ్బరు బెల్టులు. ఇవి తొందరగా చిట్లవు, టైరులా అరుగుతాయి. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటాయి, గట్ల మధ్య గాడులు మాత్రం వెడల్పవుతాయి. బెల్టు పట్టంతా గట్ల పక్క గోడలు పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) గాడిలో బిగుసుకోవడంలోనే ఉంది. గోడలు అరిగితే బెల్టు లోపలికి దిగుతుంది, గట్టు కొన పుల్లీ గాడి అడుగున ఆనుతుంది. ఇక బిగువుండదు, జారుతుంది. బ్యాటరీకి ఆల్టర్నేటర్ ఇచ్చే ఛార్జింగ్ పడిపోతుంది. ఇంజిన్‌ను చల్లబరిచే వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటే, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది.

ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, సెల్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేయండి. కొత్త గాడి ‘వి’లా పదునుగా ఉంటుంది, అరిగినది ‘యు’లా గుండ్రబడుతుంది. తేడా తెలియకపోతే బెల్టు వీపు మీది నంబరు రాసుకుని స్పేర్ పార్టుల షాపుకెళ్లి అదే సైజు కొత్తది చేతిలో పట్టుకుని చూడండి. 6పీకే1200 అంటే ఆరు గట్లు, 1200 మిల్లీమీటర్ల పొడవు.

అంచున దారాలు లేస్తే పుల్లీ వరస తప్పినట్టు. ఆయిల్ తడి ఉంటే ముందు లీకు ఆపించండి. కీచుమంటోందని స్ప్రే కొట్టొద్దు, ఆ జిగురుకు దుమ్మంటి గాడి ఇంకా అరుగుతుంది. నేనైతే 90 వేల కిలోమీటర్లు దాటిన బండికి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ మూడూ కలిపే మార్పిస్తాను.

అభ్యాసం: బెల్టు చుట్టూ చూడాలంటే, గేర్లు మార్చే బండైతే చదునైన చోట టాప్ గేరులో పెట్టి, బెల్టు మీద చాక్‌పీసుతో గీత గీయండి. తాళం తీసే ఉంచి, ఒకరిచేత బండిని జానెడు జానెడుగా ముందుకే తోయించండి. ఆగిన ప్రతిసారీ గాడుల ఫోటో తీయండి, గీత మళ్లీ కనబడేదాకా. తోస్తున్నంతసేపూ మీ చేయి, తువ్వాలు బానెట్ బయటే ఉండాలి.