రోడ్డు ప్రమాదాల గణాంకాలు – 4వ పాఠం: కూడళ్ల లెక్కకు ఏ నమూనా?

గత పాఠంలో హెల్మెట్‌కీ తలగాయానికీ మధ్య ఆడ్స్ నిష్పత్తి (గాయమయ్యే అవకాశాన్ని రెండు గుంపుల మధ్య పోల్చే సంఖ్య) కట్టాం. అక్కడ పట్టికలో ఒక్కో వరుస ఒక్కో మనిషి. ఈసారి ఒక్కో వరుస ఒక్కో కూడలి. 3 ఏళ్లలో అక్కడ మనుషులు గాయపడిన ప్రమాదాలు ఎన్ని, ఎందుకన్ని అన్నదే ప్రశ్న.

బెంగళూరులో మారతహళ్లి, సిల్క్ బోర్డ్, హెబ్బాళ మీదుగా రోజూ తిరిగే మనవాళ్లని ఏ కూడలి ప్రమాదకరమని అడిగితే వెంటనే పేరు చెబుతారు. ఆ మాట చాలాసార్లు రద్దీని చూసి అన్నదే. అభ్యాసం కోసం రెండు కూడళ్లు ఊహించుకోండి. ఒకచోట రోజుకు 90,000 వాహనాలు, 30 ప్రమాదాలు. ఇంకోచోట 20,000 వాహనాలు, 12 ప్రమాదాలు. రోజువారీ 10,000 వాహనాలకు చొప్పున చూస్తే మొదటిది 3.3, రెండోది 6.

అలాగని రద్దీ రెట్టింపైతే ప్రమాదాలూ రెట్టింపవుతాయని నమూనాకు (ప్రమాదాల సంఖ్యను అంచనా వేసే సమీకరణానికి) ముందే చెప్పేయకండి. రద్దీ లాగ్‌ను (సంవర్గమానాన్ని) మామూలు చలరాశిగా పెట్టి, గుణకాన్ని డేటానే తేల్చనివ్వండి. అది తరచూ 1 కంటే తక్కువే వస్తుంది; బండ్లు ఇరుక్కున్న చోట వేగం ఉండదు కదా. ఆఫ్‌సెట్‌గా, అంటే గుణకాన్ని 1కే కట్టేసి, పెట్టాల్సింది పరిశీలన కాలం లాగ్. మెట్రో పనుల బారికేడ్లతో రూపం మారిపోయిన నెలలను తీసేస్తే ఒక కూడలికి 3 ఏళ్లకు బదులు 2.2 ఏళ్లే మిగలొచ్చు. ఇది మరిచిపోతే పనులు జరిగిన కూడళ్లన్నీ సురక్షితంగా కనబడతాయి.

ఇక అసలు చిక్కు. ఇలాంటి లెక్కలకు మామూలుగా వాడే పాయిజాన్ నమూనాలో సగటు, విస్తృతి (వేరియన్స్) సమానం. కూడళ్ల డేటాలో అలా ఉండడం అరుదు. సగటు 6, విస్తృతి 27 అనుకోండి. విస్తృతిని సగటు కంటే ఎక్కువ ఉండనిచ్చే నమూనా నెగటివ్ బైనామియల్. అందులో విస్తృతి అంటే సగటుకు, ఆల్ఫాతో (ఆ అదనాన్ని కొలిచే సంఖ్యతో) గుణించిన సగటు వర్గాన్ని కలిపినది. కాబట్టి ఆల్ఫా = (27 – 6) / 36, అంటే సుమారు 0.58. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్ (R)లోని మాస్ (MASS) ప్యాకేజీ ఆల్ఫాను ఇవ్వదు, దాని విలోమమైన థీటాను ఇస్తుంది, అక్కడ 1.7 దగ్గర కనబడితే కంగారుపడొద్దు.

ఈ రెండు నమూనాల మధ్య తేడా ఎంత తీవ్రమో చూడండి. ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే వీలు) ఉన్న కూడళ్లకు గుణకం 0.25 వచ్చిందనుకుందాం, గుణకం లాగ్‌లో ఉంటుంది కాబట్టి e^0.25, అంటే ప్రమాదాలు 1.28 రెట్లు. పాయిజాన్ ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) 0.10 అయితే 95 శాతం విశ్వాస అంతరం 1.06 నుంచి 1.56. ఫ్రీ లెఫ్ట్ దోషి అని రాసేస్తాం. నెగటివ్ బైనామియల్‌లో దోషం 0.20కి పెరిగితే అంతరం 0.87 నుంచి 1.90. మధ్యలో 1, అంటే ఏ తేడా లేకపోవడం, ఉంది, ఇక ఆ తీర్పు నిలవదు. ఇలాంటి తప్పుడు తీర్పుతో రోడ్డు తవ్వితే నష్టపోయేది పాదచారులే.

సున్నా ప్రమాదాలున్న కూడళ్లను తీసేయకండి. బ్లాక్‌స్పాట్ల జాబితాతోనూ మొదలుపెట్టకండి. జాతీయ రహదారులపై సుమారు 500 మీటర్ల మేరలో 3 ఏళ్లలో మరణమో తీవ్రగాయమో ఉన్న ప్రమాదాలు 5, లేదా మరణాలు 10 ఉంటేనే ఆ పేరు. చెడ్డ ఏళ్లను చూసి ఏరుకున్న చోట్లవి. ఏమీ చేయకపోయినా తర్వాతి ఏళ్లలో లెక్క తగ్గే అవకాశమే ఎక్కువ. దాన్ని సరిచేసే ఎంపిరికల్ బేయెస్ పద్ధతి 5వ పాఠంలో. దానికి ఆల్ఫా కావాలి, మీ డేటాకు వచ్చిన విలువ రాసి పెట్టుకోండి.