పాత కెమెరాలో వెలుతురు చొరబడితే

గండికోటలో పెన్నా లోయను తీసిన కలర్ ఫిల్మ్ కడిగించాక ఫొటోల అంచుల్లో నారింజ రంగు చారలు కనిపించాయి. లెన్సును అనుమానించే ముందు నెగటివ్, అంటే కడిగిన ఫిల్మ్, చూడాలి. చార ఫ్రేము దాటి ఫిల్మ్ అంచు రంధ్రాల దాకా పాకిందంటే వెలుతురు కెమెరా వెనుక తలుపు నుంచే చొరబడుతున్నట్టు. వెనుక నుంచి పడే కాంతి ముందుగా ఫిల్మ్‌లో ఎరుపును గ్రహించే పొరను తాకుతుంది, అందుకే ఆ రంగు.

తలుపు గాడిలో వెలుతురును ఆపే నురుగు (ఫోమ్) పట్టీ ఏళ్లు గడిచి తారులా జిగురుగా మారింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన పంటిపుల్లతో ఓపికగా గీకాను. ఫిల్మ్ ముందుండే షట్టర్ తెరను మాత్రం వేలితోనైనా తాకకూడదు, అది ఎంతో సున్నితమైనది! గాడిలో నల్లని ఊలు దారం పరిచాక లేపాక్షి నందిని మండుటెండలో తీశాను, చారలు పోయాయి. తలుపు కీలు ఉన్న వైపు ఊలు చాలదు, అక్కడ మందపాటి నల్ల స్పాంజి అతికించాలి.