తాబేలుకి అన్నం కాదు, గడ్డి పెట్టండి

ముందే చెప్తున్నా, మన నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ రాసేదంతా కాగితాలన్నీ సరిగ్గా ఉన్న సల్కాటా లాంటి విదేశీ నేల తాబేళ్ల గురించే.

సల్కాటా తిండిలో ముప్పాతిక వంతుకి పైగా గడ్డే ఉండాలి. మా ఒడిశా బరంపురం చుట్టుపక్కల గరికకి కరువేముంది, కాకపోతే వరిచేల గట్ల మీద కోసుకురావద్దు, పురుగుమందు పడి ఉంటుంది. మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకు బాగా తింటుంది. నాగజెముడు కూడా మంచిదే, కానీ ముందు పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద అటూ ఇటూ తిప్పితే కంటికి ఆనని నూగుముళ్లు చిటపటలాడుతూ కాలిపోతాయి, మిగిలినవి చాకుతో గీకేసి ముక్కలు చేసి పెట్టండి. పాలకూర, తోటకూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పండ్లు సల్కాటాకి దాదాపు అక్కర్లేదు.

ఇంట్లో అందరం పఖాళ (ఒడిశా చద్దన్నం) తింటున్నాం, పాపం దానికీ నాలుగు మెతుకులు అనే పెద్దవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లతోనే అసలు టెన్షన్. అన్నం, బ్రెడ్, పాలు, కుక్కల బిస్కెట్లు ఏవీ వద్దు.

కాల్షియానికి పక్షుల షాపులో దొరికే కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఉండే తెల్లటి పెంకు) ఒక ముక్క పడేస్తే అదే కొరుక్కుంటుంది. గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఏరుకొస్తే మాత్రం ఉప్పు పోయేదాకా మంచినీళ్లు మారుస్తూ నానబెట్టండి. ఎండ తగలకపోతే ఆ కాల్షియం వంటబట్టక డొప్ప మెత్తబడుతుంది, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు. నీడ కూడా అందుబాటులో ఉంచండి.